నాన్న చూడని సీను

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ బావ, పాప అందరం క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమేనని తలుస్తున్నానని రాయాలి కదా, రాస్తున్నాను. తలవడం మాత్రం లేదు. ఎందుకో వరసలో వస్తుంది. చివరి కాగితం ముందు తీసి చదవకు. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న కథల పుస్తకాలన్నీ నాకు అలాగే పాడు చేశావు.

అక్షరాలు ఇంత లావుగా రాసిందేమిటి, అక్కకు కాగితాలు ఊరికే దొరికాయా అనుకుంటావు. దానికీ కారణం ఉంది. ఇంత రాసే బదులు ఫోన్ చేయొచ్చు కదా అని కూడా అంటావు. ఫోన్‌లో నువ్వు మొదటి మాటకే "సరే అక్కా" అంటావు, రెండో మాటకు ఎవరో పిలుస్తున్నారని పెట్టేస్తావు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నా అందులో రాసింది అలాగే ఉంటుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ బావ మోకాలు నయమైంది. పైనున్న సామాను దించమన్నప్పుడు మాత్రం మళ్ళీ పట్టేస్తుంది. పాప పరీక్షలు బాగా రాశానంటోంది, వాళ్ళ టీచరు మాత్రం నన్ను చూసి మాట మార్చేస్తోంది. నా షాపులో ఇది యూనిఫాంల సీజను. పొద్దున్నించీ సాయంత్రం దాకా నీలం గుడ్డ, సుద్దగీత, కత్తెర. పడుకుంటే కలలో కూడా తలలేని పిల్లలు నీలం నిక్కర్లు వేసుకుని వరసగా నిలబడుతున్నారు.

సీరియల్ చూస్తున్నారా అని అడిగావు. చూస్తున్నాం. రాసింది నా తమ్ముడే అని షాపులో అందరికీ చెప్పాను, కటింగు టేబులు దగ్గర నాకు గౌరవం పెరిగింది. మీ బావకు ఒకటే అనుమానం. అన్నేళ్ళుగా ఆకాశంలో తిరిగే ఆ అంతరిక్ష కేంద్రంలో ఒక్క మనిషీ ఒక్కసారి కూడా తుమ్మడేం అంటాడు. నీ కెప్టెన్ కిటికీ దగ్గర నిలబడి నక్షత్రాలవైపు చూసినప్పుడల్లా ఈయన, "పాపం, ఏదో మర్చిపోయి వచ్చినట్టున్నాడు" అంటాడు. నువ్వు బాధపడకు. ఆయన ఎవరినీ మెచ్చుకోడు, తిట్టడూ తిట్టడు.

ఇక అసలు సంగతి. పత్రికలో ఒకాయన నీ కెప్టెన్ ఫోటో, ఆ పాత సినిమాలో సముద్రం ఒడ్డు దీపస్తంభం కాపలావాడి ఫోటో పక్కపక్కన వేసి, ఇద్దరూ ఒకటే అని రాశాడనీ, దాంతో ఛానెల్ వాళ్ళు నిన్ను సంజాయిషీ అడిగారనీ రాశావు. "ఆ సినిమా నేను జన్మలో చూడలేదు, అమ్మ చూడనివ్వలేదు, ఈ సంగతి నీకు తెలుసు, ఒక కాగితం మీద రాసి పంపు అక్కా" అన్నావు. రాశాను. ఈ ఉత్తరంతో పాటే ఉంది, సంతకం కూడా పెట్టాను. నువ్వా సినిమా చూడలేదన్నది నిజం. రేడియోలో అందులోని పాట వస్తే అమ్మ తడిచేతులతోనైనా వచ్చి ఆపేసేది. మనకు కారణం తెలియదు. అమ్మకు ఆ గొంతు నచ్చదేమో అనుకునేవాళ్ళం.

అయితే ఆ పత్రికాయన కూడా అబద్ధం రాయలేదు. నేను ఆ వ్యాసం కత్తిరించి దాచాను. ఇద్దరూ అందరూ వదిలేసి పోయిన చోట ఒంటరిగా దీపం కాపలా కాస్తారన్నాడు. ఒకడు ఓడలకు దారి చూపిస్తే ఒకడు అంతరిక్ష నౌకలకు చూపిస్తాడన్నాడు. ఎవరైనా పిలిస్తే ఇద్దరూ కళ్ళు తిప్పరు, మెడంతా తిప్పి నిదానంగా చూస్తారన్నాడు. నడిచేటప్పుడు ఇద్దరి అరచేయీ గోడ వెంబడే పోతుందన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, ఇద్దరూ ప్రాణంగా చూసుకునే పెళ్ళాన్ని ఆమె మంచికోసమని ఒక అబద్ధం చెప్పి పంపేస్తారన్నాడు. కాపలావాడు "నువ్వొచ్చాక ఈ స్తంభంలో నాకు గాలి ఆడటం లేదు" అంటాడు. నీ కెప్టెన్ "ఈ కేంద్రంలో ఒక్కరికి సరిపడా గాలే ఉంది" అంటాడు. ఇన్ని పోలికలు యాదృచ్ఛికమా అని అడిగాడు.

కాదు. ఆ కెప్టెన్ నీకు ఎక్కడినుంచి వచ్చాడో నాకు తెలుసు. నువ్వు సినిమా చూడలేదు, నాన్నను చూశావు.

నాన్న సినిమా హాల్లో ఆపరేటరని నీకు తెలుసుగానీ ఆ గది నీకు గుర్తుండదు. నువ్వప్పటికి మెట్లు కూర్చుని దిగే వయసువాడివి. నేను బడి నుంచి వచ్చి టిఫిను గిన్నె పట్టుకుని వెళ్ళేదాన్ని. హాలు వెనక ఇనుప మెట్లు, పైన ఇరుకు గది, అందులో రెండు మెషీన్లు. ఒకదాని మీద రీలు నడుస్తుంటే రెండోదాని మీద తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా పెట్టాలి. గోడలో పుస్తకమంత కిటికీ, అందులోంచి తెర కనిపిస్తుంది. రీలు అయిపోవచ్చినప్పుడు తెర పైమూల చిన్న చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మెషీను అందుకోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే తెర తెల్లబోతుంది, కింద జనం ఆపరేటరు తల్లినీ చెల్లినీ తలుచుకుంటారు.

ఆ దీపస్తంభం సినిమా పాతదే అయినా, కొత్త బొమ్మలు దొరకనప్పుడల్లా తెచ్చి వేసేవారు. నాన్నకు ఆ కాపలావాడంటే ప్రాణం. షర్టు చేతులు అలాగే మడిచేవాడు, తలుపు దాటేముందు చౌకట్టు మీద అలాగే అరచెయ్యి ఆనించేవాడు. హాలు వాళ్ళు "కాపలాదొర వస్తున్నాడు" అని నవ్వుకునేవాళ్ళు. తర్వాత తర్వాత పిలిస్తే మెడంతా తిప్పి చూడటం మొదలుపెట్టాడు. అందరూ అది కూడా ఆ హీరో పిచ్చే అనుకున్నారు. అమ్మ కూడా అలాగే అనుకుని, "మెడ పట్టేసిందా, నూనె రాయనా" అని వేళాకోళం చేసేది.

మనల్ని పంపేసిన రోజు నీకు గుర్తుందో లేదో. నువ్వు మెట్ల మీద కూర్చుని చెప్పులు తారుమారుగా వేసుకుంటున్నావు. లోపల నాన్న అమ్మతో, "పిల్లల్ని తీసుకుని మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళు. నువ్వుంటే నాకు గాలి ఆడటం లేదు" అన్నాడు. అరవలేదు, కొట్టలేదు, తాపీగా అన్నాడు. అమ్మ ముందు నవ్వింది, వేషం వేస్తున్నాడనుకుని. తర్వాత నవ్వు ఆగిపోయింది. నీకు గుర్తులేదని నువ్వంటావు. నీ కెప్టెన్ నోటినుంచి ఆ మాట విన్నప్పుడు లేచి టీవీ సౌండు తగ్గించేశాను. నీకు లేకపోయినా నీ చెవులకు గుర్తుంది.

మావయ్య ఇంట్లో మనం పెరిగాం. మావయ్య మంచివాడే, అత్తయ్య కూడా తిండికి లోటు చేయలేదు. కానీ గేటు చప్పుడైతే చాలు అమ్మ చేతిలో పని ఆగేది. తన తప్పేమిటో అమ్మకు బతికినన్నాళ్ళూ అర్థం కాలేదు. వంట బాగాలేదనా, మాట ఎక్కువైందనా, ఆ వేళాకోళం చేయడం వల్లనా అని ఒక్కొక్కటే తీసి చూసుకునేది. కొంతకాలానికి నవ్వడం మానేసింది, ఎందుకంటే నవ్వడం వల్లే ఇలా అయిందేమో అని ఒక అనుమానం. నేను హాలుకు వెళ్ళి నాన్నను చూసి వస్తుండేదాన్ని. ఒకసారి అడిగాను, అమ్మను ఎప్పుడు తీసుకొస్తావు అని. నాన్న ఏమన్నాడో తెలుసా?

"పిలిస్తే ఎవరైనా వస్తారమ్మా. పిలవకుండా రావాలి. మీ అమ్మకు నేను అర్థమైన రోజు తనే వస్తుంది."

ఆ మాట నాకప్పుడు ఎంతో గొప్పగా తోచింది. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పనైనా లేదు, చెబితే పిలిచినట్టు అవుతుందని. నాన్న పోయాక హాలు మేనేజరు వచ్చి చెబితేగానీ తెలియలేదు, ఆయనకు చూపు పోతూ వచ్చిందని. నీటికాసులు అనే కంటి జబ్బు. ముందు పక్క చూపు పోతుంది, ఎదురుగా ఉన్నది కొంతకాలం కనిపిస్తూనే ఉంటుంది. గోడలో పుస్తకమంత కిటికీలోంచి చూసే మనిషికి చుట్టూ ఏమీ కనిపించకపోయినా పని నడిచిపోయింది. అందుకే మెడ తిప్పేవాడు, అందుకే గోడ పట్టుకునేవాడు. హీరోకు అది దర్జా, మన నాన్నకు రోగం. గుడ్డివాడినై భార్యకు భారం కాకూడదని మనల్ని పంపేశాడట. మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత పెద్ద మనసండీ" అన్నాడు. అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండా అమ్మ కూడా పోయింది. ఇదంతా నీకు తెలిసిందే. త్యాగం అనే పేరుతో తెలుసు. నువ్వు దాన్ని ఆకాశానికి ఎక్కించి సీరియల్ రాశావు.

ఇప్పుడు నీకు తెలియనిది చెబుతాను. నేనూ ఆ సినిమా ఇన్నాళ్ళూ చూడలేదు. అమ్మ ఉన్నప్పుడు భయం, పోయాక కోపం. పోయిన వారం మా ఇంట్లో టీవీలో పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూశాను. కాపలావాడు గాలి ఆడటం లేదంటాడు, భార్య మూట కట్టుకుంటుంది, పడవ దగ్గరికి నడుస్తుంది. అక్కడ తెర పైమూల చుక్క మెరిసింది. అంటే అక్కడ రీలు మారుతుంది. తర్వాతి రీలు మధ్యలో ఏముందో తెలుసా? కాపలావాడు ఆ మెట్లన్నీ దిగి, తడబడుతూ నీళ్ళలోకి నడుస్తాడు. పడవ అంచు పట్టుకుని, "అబద్ధం చెప్పాను. నాకు భయంగా ఉంది. నువ్వు పోవద్దు" అంటాడు. వెనక సంగీతం కూడా ఉండదు. అంత పెద్ద హీరో ముక్కు కారుతూ చిన్నపిల్లాడిలా బతిమాలతాడు. ఆమె పడవ దిగుతుంది. ఆఖర్న ఇద్దరూ కలిసి పైన దీపం దగ్గర నిలబడతారు.

పడవ దగ్గర ఒకసారి టీవీ ఆపాను, తర్వాతే మిగతాది చూశాను. నాన్న ఆ సినిమా ఎన్నిసార్లు వేసి ఉంటాడో ఆయనకే తెలియదు. కానీ రీలు మొదలూ చివరా తప్ప ఆపరేటరు తెరవైపు చూడడు తమ్ముడూ. మధ్యలో ఆయనకు పని. అయిపోయిన రీలు వెనక్కి చుట్టాలి, తర్వాతిది ఎక్కించాలి, మెషీను మసి తుడవాలి. మాటలు వినబడవు, రెండు మెషీన్ల చప్పుడు. రీలు మారే ముందు మాత్రం పక్కనున్న చిన్న స్పీకరు పెంచుకునేవాడు, చుక్క తప్పిపోకుండా. అందుకని నాన్న "గాలి ఆడటం లేదు" విన్నాడు. పడవ దగ్గర మాట ఒక్కసారీ వినలేదు. ఆమె వెళ్ళడం చూశాడు, ఆఖర్న ఆమె పైన నిలబడి ఉండటం చూశాడు. మధ్యలో ఆమె తనంతట తనే వచ్చిందనుకున్నాడు. మగవాడు గొప్పగా మౌనంగా ఉంటే ఆడది అర్థం చేసుకుని తిరిగొస్తుందని, సగం చూసిన సినిమా పట్టుకుని అమ్మ బతుకంతా కూర్చోబెట్టాడు. ఆయన అమ్మ వస్తుందని చూశాడు, అమ్మ ఆయన పిలుస్తాడని చూసింది. ఇద్దరికీ మధ్య బస్సులో రెండు గంటల దారి.

ఎవరిమీద ఏడవను చెప్పు? నాన్నమీద కోపం తెచ్చుకుందామంటే జాలి అడ్డం వస్తోంది. జాలిపడదామంటే గేటువైపు చూసే అమ్మ కనిపిస్తోంది.

ఇక నీ సంగతికి వస్తాను. పోయిన ఉత్తరానికి ముందు ఉత్తరంలో నువ్వే గొప్పగా రాశావు, ఆ నటుడికి మెడంతా తిప్పి చూడటం ఎంతకీ రాకపోతే నువ్వే చేసి చూపించావనీ, "అలా సహజంగా ఎలా వచ్చిందండీ మీకు" అని అతను అడిగాడనీ. షూటింగులో మెట్టు కనబడక పడి కాలు బెణికిందని ఇంకోచోట రాశావు, తప్పు లైట్లు పెట్టినవాడిదన్నావు. ఇక ఈసారి ఉత్తరం చూడు. గీతల కాగితం మీద రాస్తూ కుడిపక్కకు వచ్చేసరికి అక్షరాలు గీత వదిలి కిందికి దిగిపోయాయి. నేను కత్తెర పట్టే మనిషిని, గీత తప్పితే నా కంటికి ముందు అదే కనబడుతుంది. ఇప్పుడు అర్థమైందా, అక్షరాలు ఇంత లావుగా ఎందుకు రాస్తున్నానో?

డాక్టరు దగ్గరికి వెళ్ళావో లేదో నాకు తెలియదు. వెళ్ళే ఉంటావు. వెళ్ళి, విని, ఆ చీటీ ఎక్కడో దాచి, పెద్దమనిషిలా ఇంటికి వచ్చి ఉంటావు. ఇది వంశంలో దిగే జబ్బట. నేనూ చూపించుకున్నాను, నాకూ మొదలైంది. నాన్న రోజుల్లోలా కాదు, ముందే పట్టుకుంటే ఉన్న చూపు నిలబెట్టవచ్చన్నారు. సాయంత్రం కాగానే మీ బావ మందు సీసా పట్టుకుని వస్తాడు. మొదటి చుక్క ముక్కు మీద, రెండోది చెవిలో, మూడోది కంట్లో. "కదలకు, నువ్వేమన్నా హీరోయిన్‌వా" అంటాడు. గుడ్డిదాన్నయితే వంట నీదే అన్నాను, "ఇప్పుడు నాదే కదా" అన్నాడు. ఆయన ఏ సినిమాలోనూ హీరోగా పనికిరాడు. ఆయనకు దీపస్తంభం ఇస్తే పడుకునేముందు దీపం ఆర్పేసి పడుకుంటాడు. కానీ చెప్పాల్సింది ఆయనకు చెప్పాను, ఆయన విన్నాడు, ఇద్దరం కలిసి ఒక రాత్రంతా భయపడ్డాం. పొద్దున్నే ఆటో పిలిచాడు.

నీ ఇంట్లో ఏం జరిగింది? "నీ మరదలు వాళ్ళ వాళ్ళ దగ్గర హాయిగా ఉంది అక్కా, నాలాంటివాడి పక్కనకన్నా అక్కడే మేలు" అని రాశావు. ఆ వాక్యం ఎంత అందంగా రాశావు! దానికి కూడా ఎవరైనా సంగీతం పెడితే బాగుండేది.

మరదలు వాళ్ళ వాళ్ళ దగ్గర లేదు. నువ్వు పొమ్మన్న రోజునుంచీ మా ఇంట్లో ఉంది. వానలో తడిసి సంచితో గుమ్మంలో నిలబడి, "మా అన్నయ్య దగ్గరికి వెళ్తే మీ అమ్మగారిలా అక్కడే ఉండిపోతానేమోనని భయమేసింది వదినా" అంది. నువ్వు నాకు సీరియల్ కబుర్లు రాస్తున్నప్పుడు, ఆ ఉత్తరం చదివి వినిపించమని నన్ను అడిగి, పాపకు జడ వేస్తూ విన్నది తనే. నువ్వు ఆమె గురించి రాసిన ఆ ఒక్క వాక్యం రాగానే దువ్వెన ఆపి, మళ్ళీ దువ్వింది.

నీ కళ్ళ సంగతి చెప్పి ఆమెకు ధైర్యం చెబుదామని నేను సిద్ధమయ్యాను. చెప్పబోతే తనే ఆపింది. ఆమెకు నీకన్నా ముందే తెలుసట. రక్తపరీక్షల ల్యాబులో రోజూ జబ్బుమనుషుల మధ్య పనిచేసే పిల్లకు, మొగుడు నీళ్ళగ్లాసు పక్కన చెయ్యి పెడితే తెలియదా? రోజూ నువ్వు లేచేలోపల దారిలో ఉన్న స్టూలు పక్కకు లాగేదట, చెప్పులు ఒకే చోట పెట్టేదట, తలుపులు సగం తెరిచి ఉంచకుండా చూసేదట. నువ్వు నోరు తెరిచి చెప్పే దాకా తెలియనట్టే ఉందామనుకుందట, నీ అభిమానం దెబ్బ తినకుండా. నువ్వేమన్నావు? "ఎప్పుడు చూసినా ఇల్లంతా సర్దుతూ నా వెనకాలే తిరుగుతావు, నాకు ఊపిరాడటం లేదు" అన్నావు. తెలిసే అన్నావో, నాన్న నీ నోట్లో కూర్చుని అనిపించాడో నాకు తెలియదు.

ఆ సినిమా చూద్దామన్నది కూడా ఆమే. పత్రికలో వ్యాసం చదివి, మీ ఇంటి మగవాళ్ళ దేవుడెవరో చూడాలి వదినా అంది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. పడవ దగ్గర సీను వచ్చి నేను టీవీ ఆపేశాక, నేను ఏడుస్తున్నాను, తను ఏడవలేదు. అప్పుడే అంది.

"కళ్ళు పోతే చెయ్యి పట్టుకుని నడిపించేదాన్ని వదినా. నోరు పోయినవాడిని ఏం పట్టుకుని నడిపించను?"

ఆ ప్రశ్న నీది. నీ దగ్గర జవాబుంటే దాచుకో. నాన్నకు మెషీన్ల చప్పుడు అడ్డం వచ్చింది. నీ గదిలో ఏ చప్పుడూ లేదు.

ఇంతకాలం నాకు ఎందుకు చెప్పలేదు అక్కా అని అడుగుతావు. చెప్పనివ్వలేదు. వచ్చిన రోజే నా చేత ఒట్టు వేయించుకుంది, తను ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి నీకు తెలియకూడదని. "మీరు చెబితే వచ్చేవాడు నాకొద్దు. ఒక్కసారి తనంతట తను ఫోన్ చేసి భయంగా ఉంది అంటే చాలు, ఆ రాత్రికే వెళ్ళిపోతాను" అంది. నాన్న పట్టుదల తను కూడా పట్టిందేమిటా అని నాకు చిరాకేసింది, ఆ మాట మొహం మీదే అన్నాను. "మీ నాన్న పొమ్మన్నవాడు, నేను పొమ్మంటే వచ్చినదాన్ని, రెండూ ఒకటి కాదు వదినా" అంది. ఫోన్ దగ్గర పెట్టుకునే అన్నం తినేది, స్నానానికి వెళ్తే పాపకిచ్చి వెళ్ళేది. నువ్వు చేసిన ఫోన్లు రెండూ నాకే వచ్చాయి. రెండుసార్లూ తను పక్కనే ఉంది. రెండుసార్లూ నువ్వు ఆ పత్రికాయన గురించే మాట్లాడావు. "మరదలు ఎలా ఉందిరా" అని కావాలనే అడిగాను. "బాగానే ఉంది అక్కా" అన్నావు. ఆమె వింది. కోపం రాలేదు తనకు, అలిసిపోయినట్టు నా చేతిలోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

మొన్న నన్ను అడిగింది, "మీకు మీ తమ్ముడు తెలుసు కదా, చెప్పండి, ఫోన్ చేస్తాడా?" అని. నేను నీ అక్కను. చిన్నప్పుడు నీ చెప్పులు తారుమారైతే సరిచేసి వేసినదాన్ని. చేస్తాడు, ఇంకొన్నాళ్ళు ఆగమ్మా అనాలి. మావయ్య ఇంట్లో అందరూ అమ్మతో అదే అన్నారు, ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అని. మంచి మాట అనుకునే అన్నారు. నేను అనలేకపోయాను.

"చెయ్యడు. నువ్వు వెళ్ళు" అన్నాను.

ఇది నేను చేశాను తమ్ముడూ. నీ కాపురం నిలబెట్టాల్సిన మనిషిని, తలుపు తీసి పట్టుకున్నాను. తప్పని నాకు అనిపించడం లేదు, అనిపించడం లేదన్న సంగతి మాత్రం నిద్ర పట్టనివ్వడం లేదు.

ఈ రోజు పొద్దున ఆమె వెళ్ళింది. వేరే ఊళ్ళో ల్యాబులో ఉద్యోగం చూసుకుంది. ఏ ఊరో నేను అడగలేదు, నువ్వడిగితే నేను అబద్ధం ఆడాల్సి రాకుండా. మీ బావ సంచి మోశాడు, మోకాలు ఊసెత్తలేదు. బస్సెక్కేముందు, నీకు కంటి డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళమని ఆయనకు చెప్పింది. ఆవలెల్లుండి ఆయన నీ దగ్గరికి వస్తున్నాడు. వద్దనకు, ఆయనతో డాక్టరు దగ్గరికి వెళ్ళు. దారిలో ఆయన పిచ్చి జోకులు వేస్తాడు, భరించు.

చివరి ఎపిసోడ్‌లో ఎవరూ పిలవకుండానే కెప్టెన్ భార్య చిన్న నౌకలో తిరిగి వస్తుందనీ, అది రాస్తుంటే నీకే కన్నీళ్ళు వచ్చాయనీ రాశావు. బాగుంటుంది, జనం కూడా ఏడుస్తారు. మీ బావ కూడా ఏడుస్తాడేమో, చెప్పలేం.

ఆమె నంబరు మారలేదు. చేస్తే ఎత్తుతుందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఒట్టు తప్పలేదు. ఆమె మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నీకు ఒక్క ముక్క రాయనన్నాను, రాయలేదు. బస్సు కనుమరుగయ్యాకే ఇంటికి వచ్చి కాగితం తీశాను.

ఇట్లు,
నీ అక్క